పొగ లేని నిప్పు

ట్రైనింగ్ సెంటర్‌లో కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. కార్మికులకు పాఠం ఎలా చెప్పాలో తెలిసినంత రాసి ఇవ్వమని అడిగారు. ఇస్తానన్నాను గానీ, కూర్చున్నాక పాఠాలేవీ గుర్తుకు రాలేదు. మనుషులు గుర్తుకొచ్చారు. అందుకని వాళ్ల గురించే రాస్తున్నాను.

నా పేరు ఖాజా. గోదావరిఖనిలో నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, గ్యాస్ సారు అనేవాళ్లు ఎక్కువ. బొగ్గు బాయిలోకి దిగేవాళ్లకు గాలి గురించి, గ్యాసుల గురించి చెప్పడమే ఉద్యోగం. రిటైరయ్యేదాకా అదే పని. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరికి ముందు వచ్చింది అన్న సంగతులు మీకు పనికిరావు. నేను చెప్పదలచుకున్నది ఒక చావు గురించి. అది బాయిలో జరిగింది కాదు. నా దగ్గర పాఠం విన్న మనిషి ఇంట్లో, పట్టపగలు, స్లాబు కింద జరిగింది.

మొదటి క్లాసు

నేను చేరిన కొత్తలో మా మేనేజరు విఠల్ గారు. తక్కువ మాట్లాడే మనిషి. నా మొదటి క్లాసుకు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. నేను బోర్డు నిండా ఫార్ములాలు రాశాను. గ్యాసు బరువెంత, ఎంత శాతం దాటితే మండుతుంది, ఎంత దాటితే పేలుతుంది, అన్నీ చెప్పాను. ఒక్క మాట తడబడలేదు. నాకైతే బాగా చెప్పాననే అనిపించింది.

క్లాసయ్యాక విఠల్ గారు నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్లారు. అక్కడ చాయ్ తాగుతున్న ఒక పెద్దాయనను, ఇప్పుడే విన్న పాఠంలో ఏం చెప్పారని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, "సారు మంచోడు. గొంతు మంచిగున్నది," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

విఠల్ గారు నన్ను తిట్టలేదు. మర్నాటి నుంచి బోర్డు దగ్గరికి పోకుండా, ముందు వాళ్లను మాట్లాడించమన్నారు. బాయిలో ఎవరు ఏం చూశారో, ఎక్కడ భయపడ్డారో, ఎందుకని అనుకున్నారో చెప్పించమన్నారు. వాళ్లు చెప్పింది పూర్తయ్యేదాకా నోరు తెరవొద్దన్నారు. మొదట్లో అది చాలా కష్టమైంది. తప్పు చెబుతుంటే దిద్దకుండా కూర్చోవడం చదువుకున్నవాడికి తేలిక కాదు.

నెమ్మదిగా అలవాటైంది. వాళ్ల మాటల్లోంచే నాకు మాటలు దొరికాయి. కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసు రక్తంలో ఏం చేస్తుందో చెప్పడానికి బాయిలో బొగ్గు మోసే టబ్బుల ఉదాహరణ పట్టుకున్నాను. రక్తంలో ఊపిరి మోసే టబ్బులుంటాయి, ఈ గ్యాసు వచ్చి ముందే వాటిల్లో ఎక్కి కూర్చుంటుంది, దిగమన్నా దిగదు, ఇక ఊపిరికి జాగా ఉండదు అని చెప్పేవాణ్ని. జీవితమంతా టబ్బులు నింపినవాళ్లు అది ఎన్నడూ మరిచిపోలేదు. దానికి రంగు లేదు, వాసన లేదు, చేతిలో ఉన్న సేఫ్టీ ల్యాంపు కూడా దాన్ని పట్టివ్వదు అని కూడా చెప్పేవాణ్ని.

నా ఉద్యోగం నాకు చేతనయిందని అప్పుడనుకున్నాను. బాయి మట్టుకు అది నిజమే.

స్వరూప

మల్లేశ్ నా దగ్గర చదివినవాడు. బాయిలో పనివాళ్ల మీద ఉండే సర్దార్ పరీక్ష కోసం గ్యాస్ టెస్టింగ్ నేర్చుకున్నాడు, ఒకేసారి పాసయ్యాడు. నెమ్మదైన మనిషి. సొంతూరు రామగిరి దిక్కు. తండ్రి లేడు. తల్లి రాజవ్వ, భార్య స్వరూపతో కంపెనీ క్వార్టర్లో ఉండేవాడు. ఆ చలికాలంలో స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. నాకు మిఠాయి ఇచ్చి వెళ్లాడు కూడా.

కొద్దిరోజులకే స్వరూప చనిపోయిందన్నారు. నేను, నాకు తెలిసిన ఇద్దరు సర్దార్లు కలిసి వెళ్లాం.

జరిగింది ఇది. పొద్దున తల్లికీ బిడ్డకూ స్నానం చేయించింది రాజవ్వ. సాంబ్రాణి పొగ వేసింది. రోజూలాగే బాలింతకు చలి తగలకుండా వెనక గదిలో మంచం కింద కుంపటి పెట్టింది. అందులోకి ఇంట్లో వంటకు వాడే బొగ్గు. ముందు బయట వరండాలో మండించి, పొగంతా పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడాకే లోపలికి తెచ్చింది. కిటికీ రెక్కలు మూసి సందుల్లో గుడ్డలు కుక్కింది. తలుపు దగ్గరగా వేసి, పాపను ఒళ్లో పెట్టుకుని బయట ఎండలో కూర్చుంది. స్వరూప పడుకుంది. పాప పాలకు ఏడ్చినప్పుడు రాజవ్వ లోపలికి వెళ్లింది. కోడలు లేవలేదు.

స్వరూప ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉందట. నిద్రలో ఉన్నదనే అనుకుందట రాజవ్వ. అంత కళగా ఉన్న పిల్ల ఎట్లా చచ్చిపోతుందని వచ్చినవాళ్లందరినీ అడుగుతోంది. వాడకట్టు ఆడవాళ్లు అప్పటికే నిర్ణయానికి వచ్చేశారు. పచ్చి బాలింత, గాలి సోకింది అన్నారు. మనకు గాలి అంటే పీల్చేదే కాదు, సోకేది కూడా. ఆ మాటతో అందరికీ జవాబు దొరికింది. ఎవరి తప్పూ లేకుండా పోయింది.

మల్లేశ్ నన్ను పక్కకు తీసుకెళ్లాడు. దవాఖానలో డాక్టరు అతనికి విషయం చెప్పాడు గానీ అతనికి అర్థం కాలేదు.

"సార్, బాయిల గ్యాస్ ఇంట్లకెట్లొస్తది?" అని అడిగాడు.

"బాయిది కాదు మల్లేశ్. కుంపట్ల నుంచి వచ్చింది."

"పొగ లేదు గద సార్. పొగంత పోయినంకనే అమ్మ లోపల పెట్టింది."

పొగ పోవడానికీ ఈ గ్యాసు పోవడానికీ సంబంధం లేదని, మూసిన గదిలో గాలి చాలక నిప్పులు సరిగా కాలనప్పుడే అది ఎక్కువగా పుడుతుందని, ముఖం అంత ఎర్రగా ఉండటం కూడా దాని పనేనని చెప్పాను. అతను క్వార్టర్ ముందు చిన్న గోడ మీద కూర్చుండిపోయాడు. పరీక్షలో అడిగితే ఆ గ్యాసు గురించి పేజీ నిండా రాసినవాడు. కాసేపటికి అన్నాడు, "మీరు చెప్పిన్రు సార్. నేను రాసిన గూడ. అది బాయి ముచ్చట అనుకున్న."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మేం నేర్పింది బాయి గేటు దగ్గరే ఆగిపోయింది. షిఫ్టు దిగి ల్యాంపు రూములో ల్యాంపు అప్పజెప్పినట్టే ఆ తెలివిని కూడా అక్కడే అప్పజెప్పి ఇంటికి పోతున్నారు. ఇంటికి కూడా పనికొస్తుందని మేం వాళ్లకు చెప్పలేదు. మా పాఠాల్లో ఇల్లు లేదు.

వచ్చేటప్పుడు మల్లేశ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మకు చెప్పకున్రి సార్. తెలిస్తే బతకదు."

హాల్లో మీటింగు

నేనూ, దవాఖానలో నర్సుగా చేసే సుగుణ సిస్టరూ ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడుకున్నాం. చలి ఇంకా పోలేదు. కాలనీలో బాలింతలున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ప్రతి ఇంట్లో కుంపటి ఉంది. చెప్పకపోతే ఇంకొకరు పోతారు. చెబితే, ఎవరి పేరూ ఎత్తకపోయినా, ఎవరింటి సంగతో అందరికీ తెలిసిపోతుంది. గాలి సోకిందన్న మాట రాజవ్వను కాపాడుతోంది. మా సైన్సు ఆ మాట తీసేసి, నీ చేతులతో నువ్వే చేశావు అని చెబుతుంది. ఆమె దాన్ని ఎందుకు నమ్మాలి? నమ్మితే ఆమెకు మిగిలేదేమిటి?

మేం ఒక దారి వెతుకుతుండగానే ఒక కంపెనీ అధికారి మీటింగు పెట్టించాడు. ఆయన చెడ్డవాడు కాదు. వెంటనే ఏదో ఒకటి చెయ్యాలన్న ఆత్రం. దినాలు కూడా కాలేదు, కాలనీ హాల్లో ప్రొజెక్టరు పెట్టి ఆడవాళ్లందరినీ పిలిపించాడు. పుర్రె బొమ్మ వేసిన పోస్టర్లు గోడలకు అంటించారు. నన్ను మాట్లాడమన్నారు. నాకు ముందు ఆయన మాట్లాడాడు. మూఢనమ్మకం వల్ల, అజ్ఞానం వల్ల ఒక పసిబిడ్డ తల్లిని కోల్పోయిందని మైకులో చెప్పాడు.

రాజవ్వ హాల్లోనే ఉంది. పిలిస్తే రాకపోవడం మర్యాద కాదని వచ్చింది. పాప ఒళ్లో ఉంది. ఆమె లేచి, కొంగు సర్దుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది. ఆమె వెనక ఒకామె లేచింది. తర్వాత వరసలకు వరసలే లేచిపోయాయి. నా వంతు వచ్చేసరికి హాల్లో కుర్చీలే మిగిలాయి.

ఆ మీటింగు వల్ల జరిగిన నష్టం సుగుణ సిస్టర్ కళ్లతో చూసింది. అంతకు ముందు ఆమె వస్తే కూర్చోమని చాయ్ ఇచ్చే ఇళ్లు, ఇప్పుడు తలుపు సగం తీసి బాలింత నిద్రపోతోందని చెప్పి పంపేశాయి. కుంపట్లు బయటికి రాలేదు. ఎవరైనా చూస్తారని ఇంకా లోపలికి పోయాయి. కిటికీలు ఇంకా బిగుసుకున్నాయి.

ఈ పనిలోకి వస్తున్న మీకు నేను ఖచ్చితంగా చెప్పగలిగిన మాటల్లో ఇదొకటి. ఆరోజు మైకులో చెప్పిన సైన్సులో తప్పు లేదు. ప్రతి వాక్యం నిజమే. నిజం చెప్పినంత మాత్రాన పని అయిపోదు. విన్నవాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోయే స్థితిలో ఉండాలి. సిగ్గుపడ్డ మనిషి ఏదీ తీసుకుపోడు. ముందు తలుపు వేసుకుంటాడు.

గూన ఇల్లు

మరునాడు మల్లేశ్ ఇంటికి వెళ్లాను. సుగుణ సిస్టర్ కూడా వచ్చింది. మీటింగు నేనే పెట్టించానని అతను అనుకుని ఉంటాడని భయపడ్డాను. అతను కుర్చీ వేశాడు. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు.

రాజవ్వ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"మా అత్త నాకు గిట్లనే చేసింది సారూ. నేను ముగ్గురిని కన్న. ముగ్గురప్పుడు కుంపటి పెట్టిన్రు, తలుపు పెట్టిన్రు. గీ బొగ్గే. నాకేం గాలె. మీ మాట నిజమైతే నేనెట్ల బతికిన?"

నా దగ్గర టబ్బుల ఉదాహరణ ఉంది, ఫార్ములా ఉంది. అవి ఆమె ప్రశ్నకు పనికిరావు. నీ అదృష్టం అవ్వా అనబోయి ఆగాను. అంటే గాలి సోకింది అన్న మాటకూ నా మాటకూ తేడా ఉండదు. తెలియదని చెప్పాను. తెలుసుకుని వస్తానన్నాను. ఆమె తల ఊపింది. బహుశా నేను తిరిగి వస్తానని అనుకోలేదు.

దినాలు వాళ్ల ఊళ్లో చేశారు. నేనూ వెళ్లాను. పాత గూన పెంకుల ఇల్లు, మల్లేశ్ పుట్టిన ఇల్లు. అప్పుడు వాళ్ల చిన్నాన్న కుటుంబం ఉంటోంది. మగవాళ్లం లోపలి గదిలో చాప మీద కూర్చున్నాం. చలికి మూలన కుంపటి పెట్టి ఉంది, తలుపు వేసే ఉంది. నేను మాటల మధ్య పైకి చూశాను. కప్పు పెంకుల సందుల్లోంచి వెలుతురు సన్నగా చుక్కలు చుక్కలుగా కింద పడుతోంది. ఎవరో బీడీ వెలిగిస్తే ఆ పొగ నిలబడకుండా తిన్నగా పైకి పోయి పెంకుల మధ్య నుంచి బయటపడింది. గోడకూ కప్పుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంది.

మా అమ్మ కూడా చలికాలంలో సిగ్డీ పెట్టేది. మా ఇంట్లో కుంపటిని అలాగే అంటారు. మాదీ అప్పట్లో పెంకుటిల్లే. నాకు జవాబు దొరికింది. ఇన్నేళ్లు బాయిలో గాలి ఎటు వస్తుంది, ఎటు పోతుంది అని బోర్డు మీద బాణాలు గీసినవాణ్ని, ఇంటి కప్పు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

భోజనాలయ్యాక రాజవ్వ పాపతో వెనక వాకిట్లో ఒక్కతే కూర్చుంది. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వా, నువ్వెట్ల బతికినవో తెలిసింది," అన్నాను.

ఆమె తలెత్తింది.

గూన ఇల్లు మీది నుంచి ఊపిరి తీసుకుంటుందని చెప్పాను. తలుపులు ఎంత మూసినా కుంపటి గాలి పెంకుల సందుల్లోంచి వెళ్లిపోతుంది, కొత్త గాలి కింద నుంచి వస్తుంది. క్వార్టర్‌కు పైన స్లాబు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కితే లోపలి గాలి బయటికి పోవడానికి తొవ్వ ఉండదు. అందుకే మీ అత్త చేసినప్పుడు ఏమీ కాలేదు. "నువ్వు చేసిన పని ఏం మారలేదవ్వా. ఇల్లు మారింది."

ఆమె కప్పు వైపు చూసింది. పాప నిద్రలో కదిలితే తట్టింది.

"ఇల్లు మారిందని మాకెవరు చెప్పిన్రు?" అంది చివరికి.

"ఎవరూ చెప్పలేదవ్వా."

"అయినా పెట్టింది నేనే గద."

దానికి నేను కాదనలేదు. కాదంటే అంతవరకూ చెప్పిన నిజం కూడా పోయేది. ఆమె ఏడ్చింది. కోడలు చనిపోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి అని తర్వాత మల్లేశ్ చెప్పాడు.

మనుషులు తమ కళ్లతో చూసిన దానికి ఒక లెక్క ఉంటుంది. తరాలుగా చేసినా ఏమీ కాలేదన్నది వాళ్లు చూసిన నిజం. దాన్ని పక్కకు తోసి మన నిజం పెట్టబోతే కుదరదు. వాళ్ల నిజానికి కూడా మన సైన్సే కారణం చెప్పగలగాలి. చెప్పలేనప్పుడు తెలియదని ఒప్పుకుని వెళ్లి తెలుసుకుని రావాలి. నేను ఉద్యోగంలో నేర్చుకున్న పెద్ద సంగతి అదే. అది నాకు నేర్పింది పుస్తకం కాదు, ఎదురుగా కూర్చుని ప్రశ్న అడిగిన ఒక తల్లి.

కుంపటి గాలి

రాజవ్వ ఏ వేదికా ఎక్కలేదు. సుగుణ సిస్టర్ ఒకసారి అడిగితే, మైకు తన వల్ల కాదని చెప్పింది. కానీ ఊరి నుంచి వచ్చిన కొద్దిరోజులకే ఎవరూ చెప్పకుండా పాపను చంకనేసుకుని బాలింతలున్న ఇళ్లకు పోవడం మొదలుపెట్టింది. మగవాణ్ని కాబట్టి నేను వెళ్లలేని గదులవి. సిస్టర్‌కు సగమే తెరుచుకున్న తలుపులు ఆమెకు పూర్తిగా తెరుచుకున్నాయి. కోడలు పోయిన మనిషిని గుమ్మంలోంచి పంపేవాళ్లెవరు?

ఆమె గ్యాసు పేరు ఎప్పుడూ చెప్పలేదు. కుంపటి గాలి అనేది. గది పైకప్పు చూపించి, "గూన ఇంట్ల పోయేది, స్లాబు ఇంట్ల పోదు. కుంపటి బయట పెట్టున్రి," అనేది. బిడ్డకు వెచ్చదనం ఎట్లా అని అడిగితే ఇటుకలు నిప్పుల మీద కాచి మందపాటి గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టమని చెప్పేది. అది సుగుణ సిస్టర్ చెప్పిన ఉపాయం. చలిలో ఉన్న బాలింత దగ్గర కుంపటి తీసేసి చేతులు ఊపుకుంటూ రావడం సలహా కాదు. తీసేసిన దాని బదులు ఏదో ఒకటి ఇచ్చి రావాలి.

మీటింగు పెట్టిన అధికారికి గాలి అన్న మాట నచ్చలేదు. దయ్యం గాలి అనుకుంటారని అభ్యంతరం చెప్పాడు. నేను ఆమెతో పాటు ఒక ఇంటి వరండా దాకా వెళ్లి, లోపల ఆమె ఏం చెబుతుందో విన్నాను. లోపల ముసలామె అదే అడిగింది, ఏం గాలి అక్కా అని. "సోకే గాలి గాదు, పీల్చే గాలి. కిటికి తెరిస్తే పోతది," అంది రాజవ్వ. నా సర్వీసంతటిలో ఆ గ్యాసు గురించి నేను విన్న మంచి పాఠం అదే అని అధికారికి చెప్పాను. ఆయన పోస్టర్ల మీద పుర్రె బొమ్మ తీసేసి తెరిచిన కిటికీ బొమ్మ వేయించాడు. కింద కుంపటి గాలి అని రాయించాడు. మంచి చెబితే వినే మనిషి. చెడ్డవాడు కాదని ముందే అన్నాను కదా.

జ్యోతినగర్ ఇంజినీరు

ఇదంతా చదువు లేనివాళ్ల సంగతి అని మీరు అనుకుంటే పొరపాటు. కొన్నేళ్లకు కాలనీల్లో కుంపట్లు తగ్గాయి. వంట గ్యాసు వచ్చింది, కరెంటు హీటర్లు వచ్చాయి. అప్పుడు దగ్గర్లోని పవర్ ప్లాంటు కాలనీ జ్యోతినగర్ నుంచి ఒక ఇంజినీరు నాకు ఫోను చేశాడు. ఆయన భార్య స్నానాల గదిలో పడిపోయింది. తలుపు గడియ వదులుగా ఉండబట్టి పనిమనిషి తోసుకుని లోపలికి వెళ్లి బయటికి లాగింది. ప్రాణం దక్కింది.

స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉంది. చలి వస్తోందని వెంటిలేటరుకు అట్ట పెట్టారు. గ్యాసు లీకయితే వాసన రావాలి కదా, ఏ వాసనా రాలేదు అని ఆయన మళ్లీ మళ్లీ అన్నాడు. మల్లేశ్ పొగ లేదు గద అన్నాడు, ఈయన వాసన లేదు కదా అంటున్నాడు. లీకయిన గ్యాసు కాదని, సరిగా మండని మంట నుంచి పుట్టిందని చెప్పాను. ఆయన వెంటనే గీజరు బయట పెట్టించాడు. మిగతావాళ్లకు కూడా చెప్పమంటే మాత్రం వెనకాడాడు. ఇంజినీరు ఇంట్లో ఇలా జరిగిందని ఎలా చెప్పను అన్నాడు. ఆయన భార్య చెప్పింది. వాళ్ల యోగా క్లాసులో ఆడవాళ్లందరి ముందు నిలబడి, నేను బాత్‌రూములో పడిపోయాను అని మొదలుపెట్టిందట. ఆ వారంలోనే చాలా ఇళ్లలో వెంటిలేటర్ల అట్టలు ఊడాయని విన్నాను.

ఇప్పుడు వాట్సాప్ వచ్చింది. ఉల్లిపాయ కోసి గదిలో పెడితే గ్యాసు పీల్చుకుంటుందని ఒక మెసేజి చలికాలం రాగానే తిరుగుతుంది. దాన్ని పంపినవాళ్లను గ్రూపులో వెక్కిరించకండి. వాళ్లకు మన గురించి ఫికర్ ఉండబట్టే పంపారు. విడిగా ఫోను చేసి మాట్లాడండి. ఉల్లిపాయ సంగతి తర్వాత, ముందు కిటికీ సంగతి అడగండి.

నొప్పి తెలిసిందా

రిటైరయ్యాక కూడా నేను మల్లేశ్ ఇంటికి వెళుతూనే ఉన్నాను. అతను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పాప బడికి పోతోంది. ఒకరోజు మల్లేశ్ డ్యూటీలో ఉన్నప్పుడు వెళ్లాను. రాజవ్వ చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాకాలంగా మనసులో పెట్టుకున్నది అడుగుతున్నట్టు అడిగింది.

"సారూ, స్వరూపకు నొప్పి తెలిసిందా?"

తెలియలేదు అవ్వా అని చెప్పడం ఎంత తేలికో. ఆమె కూడా ఆ మాట కోసమే అడిగిందేమో. కానీ ఇన్నేళ్లలో ఆమె నా మాట నమ్మింది నేను ఎప్పుడూ తేలిక మాట చెప్పలేదు కాబట్టే. మొదట తల నొస్తుందని, కడుపులో తిప్పినట్టు ఉంటుందని, తర్వాత నిద్ర వస్తుందని చెప్పాను. నిద్రే అనుకుని ఉంటుందని, ఆ తర్వాత ఏమీ తెలిసి ఉండదని చెప్పాను.

రాజవ్వ గ్లాసు కింద పెట్టింది.

"తలనొస్తుందన్నది," అంది. "ముందు రోజు గూడ అన్నది. స్నానం పడనట్టున్నది, పండుకొమ్మన్న."

నేను లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. పాప బడి నుంచి వచ్చేదాకా కూర్చున్నాను.

ఆ తర్వాత నుంచి ఆమె ఇళ్లకు పోయినప్పుడు పైకప్పు సంగతి చెప్పడానికి ముందే ఒక మాట అడగడం మొదలుపెట్టింది. తలనొస్తుందా బిడ్డా, ఇంట్ల ఉంటే నొచ్చి బయటికొస్తే తగ్గుతుందా అని. డాక్టర్లు అడిగే ప్రశ్నే అది. దాన్ని ఆమెకు నేను నేర్పలేదు, ఎవరూ నేర్పలేదు.

పోయిన చలికాలం ఆమె చుట్టాల ఇంట్లో పురుడుకు రామకృష్ణాపూర్ వెళ్లింది. పక్కింట్లో బాలింత ఉందంటే చూడబోయింది. కరెంటు పోయిందని వాళ్లు పాత కుంపటి వెలిగించారు. ఆ పిల్లను అదే మాట అడిగింది. పొద్దటి నుంచి తల పగిలిపోతుందని, రెండుసార్లు వాంతి అయిందని ఆ పిల్ల చెప్పింది. రాజవ్వ కిటికీలు బార్లా తెరిచి, తల్లినీ బిడ్డనూ బయటికి తెచ్చి, అత్తతో గొడవపడి ఆటోలో దవాఖానకు పంపింది. మనవరాలు ఒక్కతే ఉంటుందని ఆమె ఆ సాయంత్రమే బస్సెక్కి గోదావరిఖనికి వచ్చేసింది. ఆ పిల్ల ఏమయిందో ఆమెకు తెలియదు.

అప్పటికి సుగుణ సిస్టర్ ఆ వైపు దవాఖానలో చేస్తోంది. ఆక్సిజన్ పెట్టామని, ఇంకొంత ఆలస్యమైతే చేతికందేది కాదని, పంపింది ఎవరని అడిగితే గోదావరిఖని అవ్వ అన్నారని నాకు ఫోనులో చెప్పింది. ఆమె బిడ్డ కూడా క్షేమంగానే ఉందని, ఇద్దరినీ డిశ్చార్జి చేశామని చెప్పింది.

నేను మల్లేశ్ ఇంటికి వెళ్లాను. రాజవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. సిస్టర్ ఫోను చేసిందని, రామకృష్ణాపూర్ పిల్ల దవాఖానలో కోలుకుందని చెప్పాను. ఆమె చేట ఆపింది. ఆక్సిజన్ గురించి, డాక్టరు మెచ్చుకున్న సంగతి గురించి నేను చెబుతూ ఉన్నాను. అవేవీ ఆమె వినలేదనుకుంటాను.

"ఇంటికి పోయిందా?" అని అడిగింది.

"పోయిందవ్వా. బిడ్డనెత్తుకొని పోయింది."